బిగించిన చెయ్యి

వనపర్తిలో పాత కార్లు విప్పే మునవ్వర్ తుప్పుపట్టిన బోల్టును సుత్తితో కొట్టడు. కిరోసిన్ పోసి, చెవి ఆనించి, పానాతో మెల్లగా తడతాడు. దాన్ని ఆఖరున బిగించినవాళ్ల పేరు పిలిచి మరీ తిప్పుతాడు. 2004 ఎండాకాలంలో, బాగుచేయించుకోడానికి లలితమ్మ తెచ్చిన అంబాసిడర్ ఇంజిన్‌కు ఒక్క బోల్టు ఊడకుండా మిగిలింది. అది విరిగితే బండి తుక్కు కిందికే పోతుంది.

"ఇది ఎవరు బిగించిండ్రమ్మా?"

"మా ఆయన. పోయి పన్నెండేండ్లాయె."

"పేరు?"

"మొగని పేరు నోటితోని ఎట్ల చెప్త? పిచ్చా నీకు?"

"అయితే నువ్వే పిలువమ్మా. ఇంకోసారి గుంజితె ఇరుగుతది."

లలితమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంజిన్ మీదికి వంగింది. "చెన్నకేశవులూ, ఇడువు," అంది.

మునవ్వర్ పానా పెట్టబోయాడు. వేలు తగలగానే బోల్టు తిరిగింది. పన్నెండేళ్లుగా ఎవరూ కదపని ఆ ఇనుము, అప్పుడే ఎవరో చెయ్యి తీసినట్టు వెచ్చగా ఉంది.