అవతలి కట్ట

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా జుట్టు నెరవలేదు. నేను చెప్పబోయేది అందరి చేతుల్లో సెల్‌ఫోన్లున్న కాలమే. అయినా అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో దూరపు చుట్టాల పిల్లలా అనిపిస్తుంది. కుప్పంలో డిగ్రీ ముగించి, పుంగనూరులో మా ఇంట్లో ఫ్యాను కింద పడుకుని, ఉద్యోగం ఎప్పుడొస్తుందా అని పైకి చూస్తూ ఉండేదాన్ని. (ఉద్యోగం రాలేదు గానీ ఒకరోజు ఫ్యాను రెక్క ఊడి మంచం పక్కన పడింది.) దాన్ని బిగించడానికి వచ్చిన మా చిన్నమామ నా వాలకం చూసి, "అక్కా, ఈ పాపను నాతో పంపించు. ఆడోళ్ళ బస్సు సూసుకునేదానికి నాకొక మనిషి కావాల" అన్నాడు. మా అమ్మ ఏ బస్సు, ఎక్కడికి అని కూడా అడగలేదు. నేను మంచం దిగితే చాలనుకున్నట్టుంది. నా మొదటి ఉద్యోగం అలా దొరికింది.

మామది మదనపల్లె. సభలకు జనాన్ని తోలుకుపోవడం ఆయన పని. ఏ పార్టీ మామా అని అడిగితే "కుర్చీల పార్టీ" అనేవాడు. "యాడన్నా కుర్చీ ఖాళీగా కనిపిస్తే నాకు అన్నం దిగదు పాపా" అనేవాడు. ఆయన పనితనమంతా ఒక గళ్ళ తువ్వాలులో ఉండేది. ముందు వరుసలో కూర్చునేవాడు. తువ్వాలు ఎడమ భుజం మీద ఉంటే అందరూ నోరు మూసుకుని కూర్చోవాలి. కుడి భుజం మీదికి మారితే చప్పట్లు కొట్టాలి, మళ్ళీ ఎడమకు వచ్చేదాకా ఆపకూడదు. తల మీద గిరగిరా తిప్పితే లేచి జై కొట్టాలి. వేదిక మీద ఎవరున్నారు, ఏం మాట్లాడుతున్నారు అన్నది మాకు అక్కర్లేని సంగతి. మా జనం తువ్వాలు మీద నుంచి కన్ను తిప్పేవాళ్ళు కాదు.

అలాంటి మామకు ఒకరోజు సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి ఫోను వచ్చింది. (ఊరి పేరు చెప్పను. మళ్ళీ పిలవకపోతే మామకు నష్టం.) అక్కడ రిసార్టు నడిపే ఒక సారుకి అమెరికా సినిమాలంటే ప్రాణమట. ఏటా కార్తీక మాసంలో మూడు రోజులు అమెరికా సినిమాల పండగ చేస్తాడు. రంగు దీపాలు, తివాచీలు, అమెరికా నుంచి అతిథులు, అన్నీ ఉంటాయి, చూసేవాళ్ళే ఉండరు. అంతకు ముందటి ఏడాది ఖాళీ కుర్చీలకు సినిమా వేసి, వచ్చిన అతిథుల ముందు తలెత్తుకోలేకపోయాడట. మామ ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. సినిమా అయ్యాక మా వాళ్ళకు ఒక గంటసేపు సముద్రం చూపించాలి. ఆ మాట పాకగానే మూడు బస్సులూ నిండిపోయాయి. మదనపల్లె మగవాళ్ళ బస్సు ఒకటి, కుప్పం నుంచి క్వారీ పనివాళ్ళ బస్సు ఒకటి, మదనపల్లె, పుంగనూరు ఆడవాళ్ళది నా బస్సు. ఎవరూ సినిమా కోసం రాలేదు, బిర్యానీ పొట్లం కోసం కూడా రాలేదు. మా వైపు నీళ్ళు కావాలంటే భూమిలోకి వెయ్యి అడుగులు బోరు దించాలి, దించినా దుమ్మే రావచ్చు. అన్నేసి నీళ్ళు ఊరికే నేల మీద పడి ఉంటాయంటే చూడాలని ఎవరికి ఉండదు?

అందరికన్నా ముందు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నది టమోటా అవ్వ. మదనపల్లె మార్కెట్టులో జీవితమంతా కాయలు ఏరిన మనిషి. ఆమె భర్త మద్రాసుకు టమోటా లారీ తోలేవాడు. తిరిగి వచ్చినప్పుడల్లా సముద్రం కథలు చెప్పేవాడట. "అది మన చెరువు మాదిరే ఉంటాది, కాకపోతే అవతల కట్ట ఉండదు" అనేవాడట. అవ్వ నమ్మలేదు. కట్ట లేకపోతే నీళ్ళెట్లా నిలుస్తాయి? ఆ మొగుడూ పెళ్ళాలిద్దరూ నలభై ఏళ్ళు ఈ ఒక్క విషయం మీద పోట్లాడుకున్నారు. వచ్చే ట్రిప్పుకి తీసుకుపోయి చూపిస్తానని ఆయన అంటూనే ఉన్నాడు. చూపించకుండానే పోయాడు. "ఆయప్పతో పడిన కొట్లాట అట్లనే నిలిసిపోయింది పాపా. ఈ పొద్దు తేల్సుకోవాల. అవతల కట్ట ఉండాదో లేదో నా కండ్లతో సూడాల" అంది బస్సు కదలగానే. "నేనుండాను గదా అవ్వా, దగ్గరుండి చూపిస్తా" అన్నాను. ఉద్యోగంలో చేరి రెండు నెలలు కాలేదు, మాట ఇవ్వడం మాత్రం నాయకుల దగ్గర బాగా నేర్చుకున్నాను.

ఆ రోజంతా ముసురు. ఆకాశం నల్లగా కిందికి దిగి, దారిలో ప్రతి ఊరూ చావు జరిగిన ఇల్లులా ఉంది. బస్సులు ఆలస్యమయ్యాయి. రిసార్టు వెనక గేటులోంచి లోపలికి తోలి, గొడుగుల కింద నడిపించి, నేరుగా హాల్లో కూర్చోబెట్టేశారు. సముద్రం ఎక్కడో దగ్గర్లోనే గుయ్యిమంటోంది, ఉప్పు వాసన కొడుతోంది, కనిపించడం లేదు. తర్వాత తెలిసింది, సినిమా తెరను కట్టింది సముద్రం వైపు గోడకే. అంటే మేం రెండు గంటల పాటు సముద్రం వైపే చూస్తూ కూర్చున్నామన్న మాట.

ముందు వరుసలో ఆ సినిమా తీసిన అమెరికా ఆవిడ కూర్చుంది. ఎర్రటి మనిషి, మెల్లగా నవ్వే మనిషి. నిండిన హాలును చూసి ఆవిడ ఎదమీద చెయ్యి వేసుకుంది. లైట్లు తీసేముందు బస్సులు ఎక్కడ నిలపాలో చూపించమని మామను బయటికి పిలిచారు. ఆయన నన్నూ అవ్వనూ ముందు వరుసలో తన చోట కూర్చోబెట్టి, తువ్వాలు తీసి నా ఎడమ భుజం మీద వేసి, "నేనొచ్చేదాకా కదిలించొద్దు. సినిమా అయిపోయి లైట్లు ఏస్తారే, అప్పుడు కుడికి మార్సు. అంతే పని" అన్నాడు. ఒక తువ్వాలును రెండు గంటలు కదలకుండా ఉంచడమే నా బాధ్యత. అంతకంటే తేలికైన పని డిగ్రీ చదివినవాళ్ళకు ఇవ్వలేరు.

సినిమాలో ఒక చేపలు పట్టేవాడు, వాడి పెళ్ళాం. వాడు పడవేసుకుని పోతాడు, ఆమె గుమ్మంలో నిలబడుతుంది. మాటలు తక్కువ, మంచు ఎక్కువ. అవ్వ నా పక్కన కూర్చుని మెడ సాచి తెరలోకి చూస్తోంది. "ఆ పొగ తీస్తే గదా అవతల ఏముండాదో తెలిసేది" అని గొణుగుతోంది. నాకు చలి మొదలైంది. పుంగనూరు ఫ్యాను కింద పెరిగిన ప్రాణం, ఆ ఏసీకి పళ్ళు టకటకమంటున్నాయి. తెర మీద పడవ ఒక్కటే ఖాళీగా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఆ ఆడమనిషి ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడింది. నాకు ఏడుపొచ్చింది, దానికి తోడు వణుకు. ఏం చేస్తున్నానో తెలియకుండానే తువ్వాలు తీసి రెండు భుజాలూ కలిపి కప్పుకున్నాను.

హాలు దద్దరిల్లిపోయింది. మూడు బస్సుల జనం, నూట యాభై మంది, చప్పట్లు. అమెరికా ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. తెర మీద ఆ ఇల్లాలు గుండెలు బాదుకుంటోంది, ఇక్కడ చప్పట్లు ఆగడం లేదు. (ఎందుకు ఆగుతాయి? తెర వెలుగులో తువ్వాలు నా కుడి భుజం మీద కనిపిస్తూనే ఉంది కదా.) నాకు సంగతి అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది. వద్దు వద్దని చెప్పాలి, ఆ మోతలో నా మాట ఎవరికీ వినపడదు. అందుకని లేచి నిలబడి, తువ్వాలు పట్టుకుని తల మీద అటూ ఇటూ ఊపాను. కుప్పం బస్సు మొత్తం ఒక్కసారిగా లేచింది. ఎవరికి జై కొట్టాలో తెలియక వాళ్ళలో పెద్దగొంతు ఉన్న ఒకాయన, దేవుడిచ్చిన తెలివితో "అమెరికాకూ..." అన్నాడు. "జై!" అన్నారు మిగిలినవాళ్ళు. మూడుసార్లు. చప్పట్లు కొట్టనిది అవ్వ ఒక్కతే. "యాల కొడతాండారు పాపా? పాపం, ఆయమ్మ మొగుడు పోయినాడు గదా" అంది.

రిసార్టు సారు పరుగెత్తుకొచ్చాడు. ఆయన ముఖం బయటి ఆకాశం కంటే నల్లగా ఉంది. "ఏమిటండీ ఈ అనాగరికం? ముందు వీళ్ళందర్నీ బస్సులెక్కించండి. బీచీ లేదు, ఏమీ లేదు!" అన్నాడు. వర్షంలో తడుస్తూ వచ్చిన మామ ఎంత బతిమాలినా వినలేదు. మామ నా చేతిలోంచి తువ్వాలు తీసుకుని, ఒకసారి దులిపి, భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. రెండు దెబ్బలు వేసి ఉంటే బాగుండుననిపించింది. వెనక గేటులోంచే మళ్ళీ బస్సులెక్కాం. సరుగుడు తోపుల అవతల సముద్రం అలాగే గుయ్యిమంటోంది. బిర్యానీ పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని ఎవరూ విప్పలేదు.

తిరుపతి దారి పట్టాం. సముద్రం రద్దయిందని అవ్వకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆమె మాత్రం చీర కొంగుతో కిటికీ అద్దం తుడుచుకుంటూ, "సముద్రం ఎప్పుడొస్తాది పాపా?" అని పది నిమిషాలకోసారి అడుగుతోంది. పొద్దు వాలుతుండగా రోడ్డు పక్కన పెద్ద చెరువొకటి కనిపించింది. వానలకు నిండుగా ఉంది. నేను ఆలోచించలేదు. "అదే అవ్వా సముద్రం" అన్నాను. వెనక సీటులో ఒకామె నోరు తెరవబోతే తిరిగి చూసి చేతులు జోడించాను. అవ్వ అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూసింది. చెరువు వెనక్కి పోయాక నా వైపు తిరిగి, "అవతల కట్ట ఉండాదే!" అంది.

"ఊ" అన్నాను.

"నేను సెప్పలే? కట్ట లేకుండా నీళ్ళు నిలిసేదెట్లా? ఆయప్ప నలభై ఏండ్లు నన్ను అబద్ధాలతోనే ఏమారిస్తా వచ్చినాడు!" అని నవ్వింది. బస్సులో అందరూ నవ్వారు. నేను అటుపక్క కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఎన్నడూ చూడని ఒక లారీ డ్రైవరును, తనవైపు మాట్లాడటానికి కూడా లేని మనిషిని, అబద్ధాలకోరును చేసేశాను. ఆ రాత్రి నుంచి చాలా రోజులు నాకు అన్నం సయించలేదు.

మాఘమాసంలో అవ్వకు జబ్బు చేసిందని తెలిసి చూడటానికి మదనపల్లె వెళ్ళాను. మంచంలో చిన్నదైపోయి ఉంది. పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది. "పాపా, ఒకటడుగుతా, నిజం సెప్పు. సముద్రంలో ఎనుములను కడుగుతారా?"

ఆ చెరువులో బర్రెలున్న సంగతి నేను గమనించనే లేదు. తల వంచుకున్నాను.

"నేను ఆ పొద్దే సూస్తిని. రెండు ఎనుములు. వాటికి పొట్ట కాడికి కూడా రాలే నీళ్ళు."

"మరి అప్పుడే యాల అనలేదవ్వా?"

"నీ మొగం సూస్తే ఇప్పుడో ఇంకాసేపటికో ఏడ్సేట్టుండావు. పైగా" అని కాస్త నవ్వి, "ఒక్క పొద్దన్నా ఆయప్ప మీద గెలిసినట్టు ఉంటాది గదా అనుకుంటి. ఈసారి పోయినప్పుడు నువ్వు బాగా సూసిరా. కట్ట ఉండాదో లేదో నాకొచ్చి సెప్పు" అంది. సరేనన్నాను. నేను ఇచ్చిన రెండో మాట అది. ఎండలు ముదరకముందే అవ్వ పోయింది. పలక డప్పులు కొట్టి, టపాకాయలు పేల్చి, వీధంతా కలిసి సాగనంపారు.

ఆ ఏడాది కార్తీకంలో రిసార్టు సారు నుంచి మళ్ళీ ఫోను రావడం మామకే నమ్మబుద్ధి కాలేదు. జరిగిందేమిటంటే, ఆ అమెరికా ఆవిడ తన ఊరికి పోయి, ఇక్కడి జనం పోయినవాళ్ళను చప్పట్లతో, జేజేలతో సాగనంపుతారనీ, తన సినిమాకు అంత మర్యాద ఎక్కడా జరగలేదనీ అందరికీ చెప్పిందట. ఇప్పుడు వచ్చే అతిథులంతా ఆ జనమే కావాలంటున్నారట. మామ గొంతు పెంచి, "ఈసారి ముందు సముద్రం, తర్వాతనే సినిమా" అన్నాడు. సారు ఒప్పుకున్నాడు.

ఆ ఉదయం కూడా మబ్బుగానే ఉంది. మా బస్సు ఆడవాళ్ళంతా చీరలు ఎత్తిపట్టుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని, అలలకు అరుస్తూ నవ్వుతున్నారు. నేను ఒక పక్కగా నిలబడి ఎదురుగా చూశాను. కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి రెండుసార్లు చూశాను. నీళ్ళు పోయి పోయి ఆకాశానికి తగులుతున్నాయి. అంతే.

మధ్యాహ్నం సినిమా. ఈసారి తువ్వాలు మామ భుజం మీదే ఉంది. ఏదో ముసలాయన కథ, చివర్లో పోతాడు. ఆ మనిషి కళ్ళు మూయగానే మామ తువ్వాలు కుడి భుజానికి మార్చాడు. హాలు దద్దరిల్లింది. నేనూ కొట్టాను. ఆ మోతలో పక్కవాళ్ళకు వినపడదులే అని, "కట్ట లేదవ్వా. ఆయప్ప చెప్పిందే నిజం" అన్నాను. అరచేతులు మండాయి. కొంతసేపటికి హాల్లో ఒక్కరి చప్పట్లే వినిపిస్తున్నాయని గ్రహించాను. తువ్వాలు ఎప్పుడో ఎడమకు వచ్చేసింది. మామ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. కోపగించలేదు. "సాల్లే పాపా" అన్నాడు మెల్లగా.

ఇప్పుడు నేను కుప్పంలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. మా గదిలో ఏసీ ఉంది, దాని కింద సీటు నాదే. చలివేసినప్పుడు శాలువా కప్పుకోబోతూ ఒక్క క్షణం ఆగి, ఎవరైనా నా వైపే చూస్తున్నారేమోనని చుట్టూ చూస్తాను. ఎవరూ చూడరు. అప్పుడు కప్పుకుని, ఆ తువ్వాలు పిల్లను తలుచుకుని కాస్త నవ్వుకుంటాను.