కాలవ చివరి ఊరికి పోయిన దినం

నా చిన్నప్పుడు మిరపకోతలు మొదలయ్యాయంటే నన్ను బడిలో కూర్చోబెట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు. మా ఊరు తెక్కలకోటకు దగ్గర్లో, కాలవ నీళ్ళు ముందుగా అందే ఊళ్ళలో ఒకటి. కాలవ గట్టును ఆనుకొనే మా తాత మిరపచేను. ఊళ్ళో తగాదా వచ్చినా, దొంగతనం జరిగినా చావడిలో కూర్చొని తీర్పు చెప్పే నలుగురిలో ఆయనే మొదటివాడు. ఆయన నోట అబద్ధం రాదని ఊరంతా అనేది. నేనూ అలాగే నమ్మేదాన్ని.

కోతకు వచ్చే ఆడవాళ్ళలో ఒకామె అంటే నాకు బాగా ఇష్టం. కాలవ చివరనున్న ఊరి నుంచి రోజూ నడిచి వచ్చేది. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడేది. ఒకసారి నేను పండుమిరపకాయలు చిదిమి చేతులు మండుతున్నాయని ఏడుస్తుంటే, తాగడానికి తెచ్చుకున్న మజ్జిగంతా నా చేతుల మీద పోసేసింది. ఆ ఎండలో ఆమె మధ్యాహ్నం ఏం తాగిందో నాకు తెలియదు. అడగాలని కూడా తోచలేదు.

ఒకనాటి సాయంత్రం పని దిగి అందరూ ఇళ్ళకు బయలుదేరారు. నా ముందు నడుస్తున్న ఆమె చీర మడతలోంచి రెండు మూడు మిరపకాయలు జారి పడ్డాయి. నేను వాటిని ఏరుకొని వెనకే పరుగెత్తాను.

"అక్కా, నీ ఒడిలోవి పడినాయి, తీసుకో" అని చేయి చాచాను.

నిజంగా ఉపకారం చేస్తున్నాననే అనుకున్నాను. ఆమె ముఖం పాలిపోయింది. పక్కనే గోతాలు కుట్టిస్తున్న మా చిన్నాయన తల తిప్పి చూశాడు. ఒడి విప్పించారు. రెండు పిడికిళ్ళు ఉంటాయేమో అందులో.

మరునాడు ఆమెను చావడికి పిలిపించారు. మా తాత గొంతు పెంచలేదు. కొంచెమే కదా అని వదిలేస్తే పనివాళ్ళందరికీ అదే అలవాటవుతుందని నెమ్మదిగా చెప్పాడు. ఆ మిరపకాయలనే దారానికి గుచ్చి మెడలో వేసుకొని, ఎండ నడినెత్తికి వచ్చేదాకా చావడి ముందు నిలబడాలన్నాడు. ఆ ఏడు మా ఊళ్ళో ఏ చేనికీ పనికి రాకూడదన్నాడు. మిగతా పెద్దలు తలలూపారు. ఆమె వెళ్ళి చావడి ముందు నిలబడింది. నిలబడినంతసేపూ నేల చూసింది. ఒక్కసారి మాత్రం తల ఎత్తి, గోడ పక్కన నక్కి ఉన్న నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నాకు నయంగా ఉండేది. లేదు. పడినవి నేను తెచ్చి ఇచ్చినందుకు ఆమెకు శిక్ష పడటమేమిటో, నన్ను ఎవరూ ఏమీ అనకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు.

రెండు దినాలు గడిచాక కాలవ మీద తిరిగి నీళ్ళు చూసే లస్కరు సైకిలు తోసుకుంటూ మా చేని మీదుగా వచ్చాడు. గట్టు వాలున ఒకచోట ఆగి, కర్రతో ఆముదపు చెట్ల కొమ్మలు పక్కకు తోశాడు. అక్కడ గట్టు కింది నుంచి మా చేనిలోకి ఒక సిమెంటు గొట్టం ఉండేది. మాకు నీళ్ళు అందులోంచే వస్తాయని నాకు ముందే తెలుసు. కాలవ కట్టినప్పుడే దాన్ని కూడా పెట్టారని అనుకునేదాన్ని.

"దీనికి పర్మిషన్ లేదు గౌడ్రే. పైవాళ్ళు చూసినారంటే నా ఉద్యోగం ఉండదు" అన్నాడు లస్కరు మా తాతతో.

మా తాత ఆయన్ని నీడలో కూర్చోబెట్టాడు. ఇంటి నుంచి బొరుగుల ఉగ్గాని తెప్పించి పెట్టాడు. ఇద్దరూ వానల గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నారు. వెళ్ళేటప్పుడు లస్కరు సైకిలు వెనక ఒక గోతం నిండా మిరపకాయలు కట్టించాడు తాత. పోతూ పోతూ ఆ లస్కరే వంగి, తను తప్పించిన కొమ్మలను మళ్ళీ గొట్టం మీదికి సర్దిపోయాడు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర తాతను అడిగాను, లస్కరు గోతం తీసుకుపోతే చావడికి ఎందుకు పిలవలేదని.

"నేనే ఇచ్చినా కదమ్మా. ఇస్తే తీసుకునింది దొంగతనం యాడైతుంది?" అన్నాడు.

"మరి ఆ నీళ్ళు నీకెవరిచ్చినారు?"

ఎత్తిపొడవాలని అడగలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకు ఎత్తిపొడుపులేం తెలుస్తాయి? ఎవరో ఇచ్చి ఉంటారని, వాళ్ళ పేరు చెబుతాడని అడిగాను. చిన్నాయన నన్ను గదిమాడు. మా అవ్వ అడ్డు వచ్చింది. పాప రెండు దినాలుగా సరిగా తినడం లేదని, ఆ ఆడమనిషికి ఒక గంపెడు కాయలు ఇచ్చి రమ్మని, పాపను కూడా తీసుకుపొమ్మని తాతతో చెప్పింది. తాత సరేనన్నాడు. నా బెంగ తీరితే చాలనుకున్నాడేమో.

పొద్దున్నే ఎద్దులబండి కట్టించుకొని బయలుదేరాం. దారి పొడవునా కాలవ మా పక్కనే వచ్చింది. మా ఊరి దగ్గర గట్టు నిండా పారుతున్న నీళ్ళు, ఒక్కో ఊరు దాటేకొద్దీ తగ్గిపోతూ వచ్చాయి. ఆమె ఊరి దగ్గర కాలవ అడుగున మేకలు పడుకొని ఉన్నాయి.

ఆమె మమ్మల్ని చూసి కంగారుపడి మంచం వాల్చింది. గంప దించితే వద్దనలేదు, సంతోషమూ చూపలేదు. ఇంటి వెనకే ఆమె చేను. ఆమె కూడా మిరపే పెట్టింది. మొక్కలు నా మోకాలి ఎత్తుకు కూడా రాకుండానే ఆకులు ముడుచుకుపోయాయి. తాత వాటినే చూస్తూ నిలబడ్డాడు. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"బావి నీళ్ళు గౌడ్రే. ఉప్పగా ఉంటాయి. మీకు పడవేమో."

తాత చెంబెడూ తాగాడు.

"పెద్దోళ్ళు మీరు. నాలుగు కడల తిరుగుతాంటారు" అంది ఆమె. "కాలవలో నీళ్ళు యాడ నిలిచిపోతాండాయో మీకేమన్నా తెలుసునా?"

ఆమెకు నిజంగా తెలియక అడిగిందా, తెలిసే అడిగిందా అన్నది నేను ఇన్నేళ్ళుగా తేల్చుకోలేకపోయాను. మా చేనిలో అన్ని దినాలు పనిచేసిన మనిషి ఆ గొట్టాన్ని చూసే ఉంటుంది. చూసి ఉంటే, చావడిలో నోరు ఎందుకు విప్పలేదు?

తాత ఖాళీ చెంబు ఆమె చేతికిచ్చి, "విచారిస్తాలేమ్మా" అన్నాడు.

నేను ఆయన పక్కనే ఉన్నాను. జవాబు నాకు తెలుసు. గట్టున ఎక్కడ, ఏ చెట్ల చాటున అన్నది కూడా తెలుసు. ఒక్క మాట అంటే చాలు. కానీ అంతకు నాలుగు దినాల ముందు నేను నోరు తెరిచినందుకే ఆమె చావడి ముందు నిలబడింది. ఇప్పుడు తెరిస్తే మా తాతను నిలబెడతారనుకున్నాను. తాత పంచె అంచు పట్టుకొని ఊరుకున్నాను.

తిరిగి వచ్చిన సాయంత్రమే తాత స్వయంగా గొట్టంలో గోనెపట్టా కుక్కి, మట్టి మెత్తి మూసేశాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. నాలుగో దినానికి మా మిరప వడలిపోవడం మొదలైంది. అయిదో దినం పొద్దున నేను చేనికి పోయేసరికి కాలవ నీళ్ళు ఎప్పటిలాగే మా మళ్ళలో పారుతున్నాయి. గట్టు మీద తాత ఒక్కడే కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు.

ఆ తరువాత ఆయన చావడిలో ఎన్నడూ కూర్చోలేదు. ఎవరో పంపుసెట్టు వైరు దొంగిలించినవాణ్ణి పట్టుకొచ్చి తీర్పు చెప్పమని పిలిస్తే, "నన్ను అడగొద్దండప్పా" అని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు కోతలకు ఆమెను కబురు పెట్టి పిలిపించాడు. పని దిగేటప్పుడు ఎవరి ఒడీ చూడొద్దని చిన్నాయనకు గట్టిగా చెప్పాడు. ఆయన పోయేదాకా మా ఇంట ఆ మాట జరిగింది. ఆయన పోయేదాకా ఆ గొట్టమూ పారింది. మీ తాత మంచివాడా కాదా అని మా మనవరాలు ఒకసారి అడిగితే ఈ రెండు సంగతులూ చెప్పాను. తీర్పు చెప్పడం మానడం నిజాయితీనో, తప్పించుకోవడమో ఇప్పటికీ నాకు తెలియదు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఊళ్ళో ఎవరినైనా దొంగ అని పట్టుకుంటే వాడి ఫోటో మధ్యాహ్నానికల్లా అందరి ఫోన్లలోకీ వస్తుంది. ఏం చేయాలి వాణ్ణి, నువ్వు పెద్దదానివి, చెప్పు అని మా వాళ్ళు నన్ను అడుగుతారు. రేపు చెబుతానంటాను. అమ్మ మళ్ళీ గడువు అడుగుతాంది అని నవ్వుతారు. పట్టుబడినవాడి గురించి ఆలోచించడానికే ఆ గడువని వాళ్ళు అనుకుంటారు. నేను మాత్రం ఆ పూటంతా, తెలిసి కూడా నేను నోరు మూసుకున్న సంగతులను ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ కూర్చుంటాను.