బుల్లిబాబు మలిగన్

నర్సీపట్నం వీధుల్లో ఎక్కడ నిలబడినా బుల్లిబాబు ముందు తన నీడ ఎటు పడుతోందో చూసుకుంటాడు. విశాఖ గోల్ఫ్ మైదానంలో క్యాడీగా ఆటగాళ్ళ సంచులు మోసి మోసి అతని కుడిభుజం వాలిపోయింది. బంతి దారిలో నీడ పడకూడదన్న భయం ఇంకా పోలేదు. అక్కడి మాటలు కూడా ఇంటికి తెచ్చుకున్నాడు. పాడైన దెబ్బను లెక్కలోంచి తీసేసి మళ్ళీ కొట్టుకోమంటే అది మలిగన్. ఎవరికి వారు తీసుకోకూడదు, పక్కవాళ్ళు ఇవ్వాలి. ఇంట్లో పొద్దున టీ పెట్టేది అతనే. పాలు పొంగబెట్టినప్పుడల్లా భార్య ఈశ్వరి పీట మీద కూర్చునే నవ్వేది: "మలిగన్ ఇచ్చీసేన్లే మావా, మల్లీ పెట్టు."

ఆమె పోయాక ఇవాళే మొదటిసారి పొయ్యి వెలిగించాడు. పాలు పొంగిపోయాయి. గిన్నె దించి అలాగే నిలబడ్డాడు.

"ఏటి నాన్నా, అలా ఉండిపోనావు? పొంగితే పొంగింది, మల్లీ పెట్టు" అంది కూతురు గౌతమి.

"మీయమ్మ ఇంకా ఇవ్వలేదమ్మా" అన్నాడు.

కిటికీలోంచి ఎండ వచ్చింది. తన నీడ ఖాళీ పీట మీద పడుతోందని చూసి, మెల్లగా పక్కకు జరిగాడు.