డిసెంబరు గీత

ఎండ ఎక్కువైతే తెర కట్టడం, తక్కువైతే లైటు ఎక్కించడం. ఫిల్మ్‌నగర్‌లో లైట్‌మాన్ సెబాస్టియన్ ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పని అదే. అలాంటి మనిషి ఒక ఎండ కోసం కలవరిస్తున్నాడంటే భార్య ఫిలోమినా కూడా మొదట నవ్వింది.

జూన్‌లో పాట షూటింగుకి యూనిట్‌తో పాటు కెనడా వెళ్లాడు. నోరు తిరగని పేరున్న చిన్న ఊరు. రాత్రి పదైనా పొద్దు గుంకదు. అద్దెకు తీసుకున్న ఇంటి ముసలామె వంటగదిలో ఆయనకొక వింత చూపించింది. కిటికీలోంచి ఏ నెలలో ఎండ ఎంతవరకు వస్తుందో పెన్సిలుతో గీతలు గీసుకుంది. జూన్ గీత కిటికీ పక్కనే, నేలమీద. సెప్టెంబరుది గది మధ్యలో. డిసెంబరుది మాత్రం నేలంతా దాటి ఎదురు గోడెక్కి నడుమెత్తున ఉంది. ఆ నెలలో సూర్యుడు ఎనిమిదిన్నర దాటాక లేస్తాడట, మధ్యాహ్నం కూడా చెట్ల కొసలు దాటడట, నాలుగింటికల్లా పోతాడట.

"డిసెంబరులో రా, చూద్దువుగాని. ఎండ గోడెక్కుతుంది. వేడి మాత్రం ఉండదు" అంది.

వేడి లేని ఎండ! సెబాస్టియన్ టేపు తీసి గీతలన్నీ కొలుచుకున్నాడు.

అదే వంటగదిలో చలికాలం సీను కోసం డిసెంబరులో మళ్లీ వెళ్లాలి. జాబితాలో ఆయన పేరుంది. ఫిలోమినా టోలిచౌకి అంతా తిరిగి ఉన్ని టోపీ కొనుక్కొచ్చింది.

నవంబరులో నిర్మాత మెలిక పెట్టాడు. ఇక్కడే స్టూడియో ఫ్లోర్‌లో ఆ వంటగది సెట్టు వేయించి, టెస్ట్ షాట్ కుదిరితే ప్రయాణం లేదన్నాడు.

"అన్నా, లైటు జర మీదికెల్లి కొట్టు" అని తోటి లైట్‌మాన్ హనుమంతు చెవిలో ఊదాడు. "నకిలీ అని తెలిసిపోతది. ఇద్దరం కెనడా పోతం."

సెబాస్టియన్ స్టాండు పైకెత్తించాడు. సెట్టులో తొలి లైటు వెలగగానే లైట్‌మెన్ దండం పెడతారు, ఆయన సిలువ గుర్తు వేసుకుంటాడు. ఆ రోజు చెయ్యి లేవలేదు.

డైరెక్టర్ రిత్విక్ మానిటర్ చూసి పెదవి విరిచాడు. "ఏదో తేడా కొడుతోందండీ. మన జూబ్లీహిల్స్ ఎండలాగే ఉంది."

అక్కడితో వదిలేస్తే ప్రయాణం ఖాయం. కానీ వెలుగు కిటికీ పక్కనే ఆగిపోయి, ఆ ఎదురు గోడ బోసిగా ఉంది. ముసలామె ఇంటికి డిసెంబరు రానేలేదన్నట్టుంది. సెబాస్టియన్ తట్టుకోలేకపోయాడు.

"ఒక్క నిమిషం, బాబూ."

తనే స్టాండు దించాడు. టేపుతో కొలిచాడు. లైటు వెలిగింది. వెలుగు నేలమీద పాకి, గోడెక్కి, నడుమెత్తున ఆగింది. ఈసారి చెయ్యి దానంతటదే నుదుటికి వెళ్లింది.

"అబ్బ! కెనడాని ఇక్కడికే పట్టుకొచ్చారండీ" అంటూ రిత్విక్ కుర్చీలోంచి లేచాడు. అక్కడే నిర్మాతకి ఫోన్ చేశాడు. "ఎవరూ వెళ్లక్కర్లేదు సార్."

"పట్టుకొచ్చిండు! మనల్ని గీడనే కూసోవెట్టిండు" అని హనుమంతు గొణిగాడు.

భోజనాలకు అందరూ వెళ్లాక సెబాస్టియన్ గోడ దగ్గరికెళ్లి ఆ వెలుగు మీద అరచెయ్యి ఆనించాడు. వెంటనే తీసేశాడు.

"ఏమైందన్నా?"

"కాలుతోందిరా."

"గంత లైటు కొడితే కాలక, సల్లగుంటదా ఏంది?"

"అక్కడ ఉంటుందంట" అన్నాడు సెబాస్టియన్.