గోడ దాటే సిగ్నల్, మా సార్

మా సార్ పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. పటమటలో ఆయన దగ్గరే నేను నెట్‌వర్కింగ్ పని నేర్చుకున్నాను. ఇవాళ నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే.

అప్పట్లో బెజవాడకి వైర్‌లెస్ కొత్త. ఆ రౌటర్ డబ్బా ఎక్కడ బిగించినా, పని అయ్యాక సార్ ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకుని భవనం చుట్టూ తిరిగేవారు. మెట్ల కింద, ప్రహరీ బయట, పక్కవాళ్ల దొడ్డిగుమ్మం దాకా. చూసినవాళ్లు వాస్తు చూస్తున్నారనుకునేవారు. ఒకావిడైతే, "మా వంటిల్లు ఎటుండాలో కూడా చెప్పండి" అని వెంటపడింది.

"వైరుకి చివరంటూ ఉంటుందిరా. దీనికి ఉండదు. అవతల ఎవడు వింటున్నాడో మనకి తెలీదు," అనేవారు.

నేను చేరిన మూడో నెలలో ఒక నర్సింగ్ హోమ్‌లో వైర్‌లెస్ పెట్టాం. ప్రారంభం రోజున సార్ కొండపల్లిలో వేరే పని మీద ఉండి నన్ను పంపారు. నేనింకా పాస్‌వర్డ్ పెట్టనేలేదు, పంతులుగారు, "ముహూర్తం దాటిపోతోంది బాబూ, ఆన్ చెయ్యి" అని తొందరపెట్టారు. తాళం లేకుండానే ఆన్ చేశాను. తర్వాత పెడదామనుకుని, ప్రసాదం తిని, మర్చిపోయి వచ్చేశాను.

వారం తర్వాత, మిట్టమధ్యాహ్నం, మనిషి లేని రికార్డుల గదిలో ప్రింటర్ దానంతటదే కదిలింది. కాగితం మీద ముందురోజు వార్డులో చేరినవాళ్ల పేర్లు. కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "తలుపు తీసే ఉంది." మర్నాడు అదే వేళకి మళ్లీ వచ్చింది. నర్సులు గుమ్మానికి నిమ్మకాయలు కట్టారు.

ఆ నర్సింగ్ హోమ్ డాక్టరుగారు కబురు పెడితే సార్ వెంట వెళ్లాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మా ఇల్లు నా జీతం మీదే నడిచేది.

"ఎవరు చేశారీ పని?" అని డాక్టరుగారు అరిచారు.

సార్ ఒకడుగు ముందుకేశారు. "నేనేనండి. పొరపాటైంది."

నేను పడాల్సిన తిట్లన్నీ అందరి ముందూ ఆయన పడ్డారు.

ఆ తర్వాత డబ్బాని కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడకి మార్చి, సిగ్నల్ తగ్గించి, పాస్‌వర్డ్ పెట్టారు. పెట్టిన మరుక్షణం, ఎదురు మేడ మీద సగం తెరిచున్న కిటికీ మెల్లగా మూసుకుంది. కింద గేటుకి టు-లెట్ బోర్డు వేలాడుతోంది.

"ఆ వాటా ఖాళీ అయ్యి ఆర్నెల్లయిందండీ. తాళం నా దగ్గరే ఉంది," అన్నాడు ఆ మేడ ఇంటాయన.

పైకెళ్లి చూశాం. దుమ్ములో మా అడుగులే తప్ప ఇంకో అడుగు లేదు.

నిన్న శ్మశానంలో డాక్టరుగారు కనిపించారు. ఇరవయ్యేళ్లుగా లోపల నలుగుతున్నది చెప్పేశాను. "ఆ రోజు తప్పు నాదండి."

"తెలుసయ్యా. నా పక్కన నిలబడి ఆన్ చేసింది నువ్వేగా. మీ సార్ అసలు ఊళ్లోనే లేరు."

"మరి ఆయన్నెందుకు తిట్టారు?"

"నీ వంక తిరగబోయాను. వద్దని కళ్లతోనే బతిమాలారు."

ఆ కళ్లు నేను చూడలేదు. ఆయన చాటున నిలబడ్డాను. నాకు కనిపించింది చెమటకి తడిసి చొక్కా అంటుకుపోయిన వీపు ఒక్కటే.