ఆల్చిప్పలకి ప్రాపర్ ఛానెల్

మా నాన్న అప్లికేషన్ రాస్తే కాదనే ఆఫీసరు రైల్వేలో లేడని బెంగాల్లో మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పేరు. లీవు కావాలన్నా, పాసు కావాలన్నా, కారుతున్న క్వార్టరు మార్చుకోవాలన్నా పొద్దు వాలేసరికి మా గుమ్మం ముందు మనుషులే. నాన్న గుమస్తా కాదు, వర్క్‌షాపులో ఫిట్టరు. అయినా కాగితం పైన ఇంగ్లీషులో "త్రూ ప్రాపర్ ఛానెల్" అని రాసి కింద గీత గీసేటప్పుడు ఆ మొహం చూడాలి, దేవుడి పటానికి బొట్టు పెడుతున్నట్టు ఉండేది. ప్రాపర్ ఛానెల్ అంటే ఏటో రైల్వే ఇళ్ళలో పుట్టినోళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావోళ్ళకి చెప్తాను. నీ కాగితం నీ పైనున్నోడికి ఇవ్వాలి. అతను తన పైనున్నోడికి పంపుతాడు, అతను ఆ పైవాడికి. నువ్వు మాత్రం నీ చోట నోరు మూసుకుని కూర్చోవాలి. మధ్యలో ఎవరినన్నా దాటి పోయినావో, చార్జిషీటే.

ఈ నమ్మకమే మా తమ్ముడి కొంప ముంచింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతాది.

తమ్ముడికి రైల్వే ఉద్యోగం రాలేదు. పరీక్షలు రాసి రాసి వయసు దాటిపోయింది. కొన్నాళ్ళు వర్క్‌షాపులో కాంట్రాక్టు పని చేసినాడు, కొన్నాళ్ళు సుభాష్‌పల్లిలో మొబైల్ కొట్లో కూర్చున్నాడు. ఏ సంబంధం వాళ్ళు వచ్చినా "అబ్బాయి పర్మనెంటేనా" అని అడగడం, మేం నీళ్ళు నమలడం. అమ్మ పోయి చాలా కాలమైంది. నాన్న రిటైరయి క్వార్టరు అప్పగించేసినాక తండ్రీ కొడుకులు పూరీ గేట్ దగ్గర రెండు గదుల్లో అద్దెకుంటున్నారు. నేను మా ఆయన క్వార్టరులో ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోనే ఉండిపోయినాను. సాయంత్రం కూరగిన్నె పట్టుకుని వెళ్ళి ఇద్దరి మొహాలూ చూసి, ఇద్దర్నీ నాలుగు చీవాట్లు పెట్టి వస్తే గాని నాకు నిద్ర పట్టదు.

అలా వెళ్ళిన ఒకరోజు తమ్ముడు నన్ను గుమ్మంలోనే పట్టుకున్నాడు. మా ఇళ్ళలో అక్కని అప్ప అంటాం.

"అప్పా, నాను ఆల్సిప్పలు పెంచుతాను."

"ఏటీ? ఏటి పెంచుతావ్? సముద్రంలో వాటంతటవి పడుండేవాటిని పెంచడమేటిరా, నీ మొహం!"

వాడు నవ్వలేదు. సముద్రం ఒడ్డున దీఘా వైపు ఉప్పుటేళ్ళలో పెంచుతున్నారంట. వెదురు గెడలతో ఏట్లో చట్టం కట్టి, తాళ్ళకి ఖాళీ చిప్పలు గుచ్చి వేలాడదీస్తారు. నీళ్ళలో కొట్టుకొచ్చే ఆల్చిప్ప పిల్లలు వాటిని అంటుకుని పెరుగుతాయి. మేత వెయ్యక్కర్లేదు, మందు వెయ్యక్కర్లేదు. హోటళ్ళవాళ్ళు ఎగబడి కొంటారు. వాడు అప్పటికే మాకెవరికీ చెప్పకుండా వెళ్ళి శిక్షణ కూడా తీసుకుని వచ్చినాడు. అంత ఆశగా వాడు మాట్లాడ్డం నేను చూసి ఎన్నేళ్ళయిందో. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినాయి, కూర చల్లారిపోతోందని కసిరి లోపలికి పోయినాను.

నాన్న మొదట ఎగిరి పడ్డాడు. "మా అయ్య ఆ శ్రీకాకుళం సముద్రం వొదిలేసి రైలు పనికొచ్చినాడు. నువ్వు మళ్ళీ ఏట్లోకి దిగుతావేటిరా?" అన్నాడు. కానీ దీనికి సర్కారు పర్మిషన్ కావాలని తమ్ముడు చెప్పగానే చూడాలి మా నాన్నని! ప్రాణం లేచొచ్చింది. "పర్మిషన్ కావాలా? అయితే సరే, కాగితం నాను రాస్తాను" అని కళ్ళజోడు తుడుచుకోవడం మొదలెట్టినాడు.

రూలు ఇదీ. శిక్షణ అయినోళ్ళు ప్రయోగంగా ఒక చట్టం కట్టి పెంచుకోవచ్చు. పెరిగినవాటిని తీసి అమ్మాలంటే మాత్రం ఏటి మీద లీజు కావాలి. దానికి ముందు ఆ ఏటి ఒడ్డు ఊరి పంచాయతీ తమకి అభ్యంతరం లేదని చెప్పాలి. ఆ పైన మత్స్యశాఖ ఆఫీసువాళ్ళు వచ్చి నీళ్ళు పరీక్ష చేయించి, ఈ ఏట్లోవి తినొచ్చని తేల్చాలి. ఆల్చిప్ప ఏ నీళ్ళు తాగితే ఆ నీళ్ళే కదా తినేవాడి కడుపులోకి పోయేది. రూలు తప్పని నేను అనను. పడవలు తిరిగే దారికి అడ్డం కట్టకూడదు, వలలు లాగే చోట కట్టకూడదు, ఇవన్నీ న్యాయమైనవే.

నాన్న రెండు రోజులు కూర్చుని రాసినాడు. మత్స్యశాఖ ఆఫీసరుకి రాసినాడు, పైన మాత్రం "త్రూ ప్రాపర్ ఛానెల్" అని పెట్టి పంచాయతీ పేరు వేసినాడు. ఇద్దరూ బస్సెక్కి వెళ్ళి ఆ పంచాయతీ ఆఫీసులో బెంగాలీ గుమస్తా చేతిలో పెట్టినారు. అతను నకలు మీద స్టాంపు వేసి, "హొయే జాబే, అయిపోతుంది" అన్నాడంట. నాన్న ఇంటికి వచ్చి ఆ స్టాంపు నాకు మూడు సార్లు చూపించినాడు.

"ఇంక మన పని అయిపోనాది గుంటా. పంచాయతీ పైకి పంపుతాది, పైవాళ్ళు మనకి రాస్తారు."

దసరా దాటినాక తమ్ముడు చట్టం కట్టినాడు. వారం వారం వెళ్ళి తాళ్ళకి పట్టిన నాచు గీకి వచ్చేవాడు. మొదట్లో గోరంత ఉన్నవి చలికాలం పోయేసరికి అరచేతిలో సగం వచ్చినాయి. ఒక ఆదివారం ఒకటి తెచ్చి నాన్న చేతిలో పెట్టినాడు. గరుకుగా, బురద వాసన వేస్తూ, చూడ్డానికి రాయి ముక్కలాగుంది. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, అంచు మీద వేలు పెట్టి చూసి, "ఫినిషింగ్ బాగులేదు గాని, గట్టి మాల్" అన్నాడు. ముగ్గురం పడీ పడీ నవ్వినాం. మా ఇంట్లో అలాటి నవ్వు అమ్మ ఉన్నప్పటిదే.

కాగితం మాత్రం రాలేదు.

"ఒకసారెల్లి అడగరాదా నాన్నా?" అన్నాను.

"నీకు తెలవదే. కాగితం నడుస్తున్నప్పుడు ఎనకాల తిరక్కూడదు. కోపాలొస్తాయి. రిమైండర్ ఏస్తాను."

రిమైండర్ వేసినాడు. అదీ పోస్టులో, అదీ పంచాయతీకే, అదీ ప్రాపర్ ఛానెల్లోనే. జవాబు లేదు. ఇంకోటి వేసినాడు. నేను రోజూ చెవిలో పోరు పెట్టేదాన్ని. తమ్ముడు ఒకసారి తెగించి, "నాను సీదా ఫిషరీస్ ఆఫీసుకే ఎల్లి కనుక్కుంటాను" అన్నాడు. నాన్న కంచం ముందునించి లేచిపోయినాడు. తనతో పని చేసిన ఒకతను ఫోర్‌మన్‌ని దాటి పెద్దాఫీసరు దగ్గరికి పోయినందుకు ఎంత దూరం బదిలీ అయినాడో, పెళ్ళాం బిడ్డలకి దూరంగా ఎలా నానాపాట్లు పడినాడో మళ్ళీ మొదట్నించీ చెప్పినాడు. "పంచాయతీని కాదని పోతే రేపు ఆ ఊళ్ళో నిన్ను నిలవనిస్తారేటిరా? ఆళ్ళ ఊరు, ఆళ్ళ ఏరు. మనం పై ఊరోళ్ళం" అన్నాడు. ఆ ఆఖరి మాటకి తమ్ముడు తగ్గినాడు. చెయ్యి విరుచుకోమన్నా విరుచుకుంటాడు గాని తండ్రికి ఎదురు చెప్పడు వాడు. చట్టం దగ్గరికి దారి ఆ పంచాయతీ ఆఫీసు ముందునించే. వారం వారం దాని గుమ్మం దాటి పోతూ లోపలికి తొంగి కూడా చూడలేదు, కాగితానికి ఎక్కడ దెబ్బ తగులుతుందోనని.

ఎండలు ముదిరినాయి. తమ్ముడు ఆకాశం చూడ్డం మొదలెట్టినాడు. వానలు పడితే ఏట్లో ఉప్పు తగ్గిపోతాది, ఉప్పు లేకపోతే ఆల్చిప్ప బతకదు. అందుకే వానల లోపల తీసెయ్యాలి. అప్పుడే అక్కడ ఒక హోటలాయన వాడితో అన్నాడంట: "అన్నీ నాకిచ్చెయ్ భాయ్. పర్మిషన్ ఎవడడుగుతాడు?"

తమ్ముడు ఆ మాట మోసుకొచ్చి నాన్న ముందు పెట్టినాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"గేట్ పాస్ లేకుండా వర్క్‌షాపులోంచి తుప్పట్టిన బోల్టు కూడా నాను బయటికి తేలేదు," అన్నాడు నాన్న. "నీ ఇష్టం."

నీ ఇష్టం అంటే వద్దని. మా ఇంట్లో అందరికీ తెలుసు. తమ్ముడు ఆ హోటలాయనకి ఫోన్ చేసి కుదరదని చెప్పేసినాడు. ఒకపక్క నాకు ఆ ఇద్దర్నీ చూస్తే గర్వంగానే ఉంది. ఇంకోపక్క ఇద్దరి తలలూ పట్టుకుని గోడకేసి కొట్టాలనిపించింది.

ఆ ఏడు ఎండాకాలపు కాల్‌బైశాఖి గాలివానలతో మొదలైన వాన ఆగలేదు. ఇక్కడ పూరీ గేట్ దగ్గర కాలువలు పొంగి రోడ్డెక్కినాయి. అక్కడ ఏరంతా ఎర్రటి వాననీళ్ళయిపోయింది. ఉప్పు తగ్గితే ఆల్చిప్ప నోరు బిగించుకుని కొన్నాళ్ళు ఓర్చుకుంటాదంట. ఎన్నాళ్ళని ఓర్చుకుంటాది? నోరు తెరిచిందంటే చచ్చినట్టే. తమ్ముడు అక్కడికి వెళ్ళి చూసి, తడిసిన బట్టలతో నేరుగా మా క్వార్టరుకి వచ్చినాడు. వాడి ఒంటి మీద కుళ్ళు వాసన. అన్నం పెడతానంటే వద్దన్నాడు.

"అన్నీ నోరు తెరిసేసినాయప్పా," అన్నాడు. గోడకి ఆనుకుని అలాగే కిందకి కూలబడిపోయినాడు. అంత మనిషిని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చినాను.

మర్నాడు నేనే నాన్నని బయల్దేరదీసినాను. "ఈ రోజు నువ్వు రాకపోతే నేనెళ్ళి ఆ ఆఫీసు మీద పడతాను, ఆలోచించుకో" అన్నాను. ముగ్గురం వెళ్ళినాం. గుమస్తా మమ్మల్ని చూసి మంచిగానే నవ్వినాడు. నాన్న నకలు చూపించగానే కుర్చీలోంచి లేచినాడు.

"ఎతో దిన్ కోథాయ్ ఛిలేన్, దాదు?"

ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు తాతా, అని. పంచాయతీ సంతకం మీరు ఇచ్చి వెళ్ళిన వారంలోనే అయిపోయిందన్నాడు. మీరొచ్చి పట్టుకెళ్ళి ఫిషరీస్ ఆఫీసులో ఇస్తారని బీరువాలో జాగ్రత్తగా ఉంచినానన్నాడు. అందరూ అలాగే పట్టుకెళ్తారంట. మీ చిఠీలు కూడా వచ్చినాయి, ఇంగ్లీషు చాలా బాగుంది, వాటినీ ఇందులోనే పెట్టినాను, అన్నాడు.

"మీరు పైకి పంపలేదా?" అన్నాడు నాన్న హిందీలో.

"మేమెందుకు పంపుతాం దాదు? పని మీది కదా."

అతని మీద అరుద్దామని వచ్చినదాన్ని. ఏమని అరుస్తాను? అతని తప్పు కూడా ఒక ఫోన్ చెయ్యకపోవడం, అంతే. దూరంనించి వచ్చే ముసలాయనకి ఒక ముక్క చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. చెప్పాలని అతనికి తట్టలేదు, అడగాలని తట్టినా మేం అడగలేదు.

అక్కణ్ణించి ఫిషరీస్ ఆఫీసుకి వెళ్తే, ఇప్పుడు నీళ్ళు పరీక్ష చేసి లాభం లేదు, వానలు పోయినాక కొత్తగా పెట్టుకోండి అన్నారు. బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. తమ్ముడు దారిలో నాన్నకి టీ తెచ్చి ఇచ్చినాడు. వాడు నాలుగు తిట్టి ఉంటే బాగుండును. ఆ వానాకాలం అంతా ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అప్లికేషన్ రాయించుకోవడానికి పాత క్వార్టర్లనించి ఎవరో వస్తే నాన్న ఒంట్లో బాగోలేదని చెప్పి పంపేసినాడు. కూరగిన్నె పెట్టి, ఎవర్నీ తిట్టకుండానే వచ్చేసేదాన్ని.

దసరా మళ్ళీ వచ్చి వెళ్ళింది. తమ్ముడు మళ్ళీ వెదురు గెడలు కొన్నాడు. కొత్త కాగితం ఈసారి వాడే బెంగాలీలో రాసుకున్నాడు. బయల్దేరే రోజు తోడు రమ్మంటే నేను పొద్దున్నే పూరీ గేట్ వెళ్ళినాను. నాన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నువ్వొద్దు నాన్నా," అన్నాడు తమ్ముడు. "అప్ప వస్తాది."

కోపంగా అనలేదు. అదే నేను తట్టుకోలేకపోయినాను. నాన్న నా వైపు చూసినాడు, నేను మాట కలుపుతానేమోనని. నేను నేల చూసినాను. మేం మెట్లు దిగుతుంటే వెనకనించి అడిగినాడు.

"ఫిషరీస్ ఆఫీసులో ఎవల్ని కలవాలో తెల్సేటిరా?"

"తెలవదు నాన్నా," అన్నాడు తమ్ముడు. "ఎల్లి అడుగుతాం."