ఏడో బోరు

కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని పొలంలో మెల్లగా నడుస్తాను. కింద నీళ్లున్నచోట కాయ లేచి నిలబడుతుంది. అక్కడ మడమతో గీత గీస్తాను. బోరుబండి వచ్చి ఆ గీత మీద బోరు దించుతుంది. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో ఇరవై ఏళ్లకు పైగా నేను చేసిన పని ఇది. కాయ దానంతటదే లేస్తుందని అందరికీ చెప్పేవాణ్ని, నాకూ చెప్పుకునేవాణ్ని. నిజానికి చెట్ల వాలు, పుట్టలు, రాయి రంగు చూసి ముందే ఒక అంచనాకు వచ్చేవాణ్ని. నా చెయ్యి ఆ అంచనా మాట వినేది.

ఒక ఎండాకాలం ఆ అంచనా వరసగా మూడు చోట్ల తప్పింది. మూడుసార్లూ నీళ్లకు బదులు తెల్లటి దుమ్ము లేచింది. మూడో రైతు నన్ను పల్లెత్తు మాట అనలేదు. నా మొహం చూడకుండా కొబ్బరికాయ తెచ్చి నా సంచిలో పెట్టి వెళ్లిపోయాడు. మా బావకు మాత్రం నోరు ఊరుకోదు.

"బామ్మర్దీ, ఇగ కొబ్బరికాయ ఇడిసిపెట్టి మామిడికాయ వట్టుకో. పప్పుల ఏసుకోనీకన్న పనికొస్తది" అన్నాడు, చాయ్ హోటల్ ముందు, పదిమందిలో.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు చాలా రోజులు నా గొంతులోనే ఉండిపోయింది.

ట్యాంకర్ల యజమాని మా ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. కోస్తా నుంచి వచ్చి మీర్‌పేట్‌లో స్థిరపడిన మనిషి. మాట మెత్తన. మా ఊరి గుట్ట వెనక భూమి కొన్నాడు.

"మీ చేతి గురించి చాలా విన్నానండి పెద్దాయన గారూ. మా కాలనీల్లో ఆడవాళ్లు నీళ్ల కోసం జుట్లు పట్టుకుంటున్నారు. ఒక్క పాయింటు చూపించండి, పుణ్యం ఉంటుంది."

అందరూ నవ్వుకుంటున్న నన్ను, గారూ అని పిలిచాడు. నేను అక్కడే పడిపోయాను.

ఆ గుట్ట కిందే మా ఊరి బుగ్గ ఉంది. రాతి సందులోంచి నీళ్లు వాటంతటవే ఉబికే చోటును మేం బుగ్గ అంటాం. దాని ముందు ఒక రాతి తొట్టి, తొట్టి నిండి పొర్లితే సన్నటి కాలువ, కాలువ పొడుగునా మా అక్క మడులు. కొత్తిమీర, మెంతి, పాలకూర. వాటిని కట్టలు కట్టి మన్నెగూడ చౌరస్తాలో కూర్చుని అమ్ముతుంది. అక్కకు బోరు లేదు, బావి లేదు. ఆమె సంసారమంతా ఆ బుగ్గ మీదే. చెరువు నెర్రెలు విచ్చిన సంవత్సరాల్లో కూడా ఆ తొట్టి పొర్లకుండా ఉండటం మేం చూడలేదు. ఊళ్లో బాలింత మొదటిసారి గడప దాటినప్పుడు ఆ తొట్టికి పసుపు కుంకుమ పెట్టి, చిన్న చెంబుతో నీళ్లు ముంచుకుని ఇంటికి వస్తుంది. నేను పుట్టినప్పుడు మా అమ్మ కూడా అలాగే ముంచుకుని వచ్చింది.

ఆ నీళ్లు ఎటు నుంచి వస్తాయో నాకు చిన్నప్పుడే తెలుసు. మేకలను మేపుతూ చూశాను. బుగ్గ నుంచి గుట్ట మీదుగా వెనక వైపుకు ఒక చీలిక పోతుంది. నడి వేసవిలో కూడా ఆ చీలిక వెంట గడ్డి పచ్చగా ఉంటుంది, మేకలు అక్కడే మూతులు పెడతాయి. ట్యాంకర్ల మనిషిని వెంటబెట్టుకుని, చేతిలో కాయతో, నేరుగా ఆ పచ్చగడ్డి మీదికి నడిచాను. కాయ లేచింది. లేవకపోతే నేనే లేపేవాణ్ని. నా గీత మీద ఒక్కసారి నీళ్లు ఎగరడం చూడాలి, అంతే. ఇంకేదీ నాకు కనిపించలేదు.

ఊరంతా ఒక పెండ్లికి పోయిన రోజు బోరుబండి దించారు. మధ్యాహ్నానికి నీళ్లు చింతచెట్టంత ఎత్తు ఎగిసి నా మీద పడ్డాయి. దోసిలి పట్టి తాగాను. ఆ చల్లదనం, నాలుక చివర ఆ కొద్దిపాటి ఇనుము రుచి. పుట్టినప్పటి నుంచి తాగిన నీళ్లు. అతను సంతోషంతో నా రెండు చేతులూ పట్టుకుని ఊపుతున్నాడు. నాకు అరికాళ్ల నుంచి చలి ఎక్కుతోంది.

సాయంత్రం పెండ్లి నుంచి వచ్చిన అక్క అడిగింది.

"గుట్ట ఎన్క బోరేసిన్రంట గద తమ్మీ. నీళ్లు వడ్డయా?"

"దుమ్మే లేసిందక్కా" అన్నాను.

"పోనియ్ తియ్. మన బుగ్గ సల్లగుంటె సాలు."

బావ పక్కనే ఉన్నాడు. "నాలుగోది గూడనా! ఒరే, నిన్ను సముద్రం కాడికి తోల్కవోయినా దుమ్మే లేస్తదిరా" అన్నాడు. మర్నాటికి ఆ మాట ఊరంతా పాకింది. ఎవరు నవ్వినా నేను తల వంచుకుని పోయేవాణ్ని. ఆ ఎగతాళి నాకు కప్పుకునే దుప్పటి అయింది.

ఆ బోరు మీద రేకుల కొట్టం లేచింది. ముందు రెండు బర్రెలను కట్టేశారు. చూసేవాళ్లకు అది పశువుల పాక. తర్వాత గుట్టకు అవతలి వైపు, రోడ్డుకు కనబడేలా, వేరేవాళ్లతో చూపించుకుని ఆరు బోర్లు వేశారు. ఊరు లెక్కపెట్టింది ఆ ఆరింటినే. అన్నిటికంటే ముందు వేసిన బోరు ఆ లెక్కలోకి రాలేదు. నా మనసులో మాత్రం దాని పేరు ఏడో బోరు. ట్యాంకర్లు వెనక నీళ్లు కార్చుకుంటూ సాగర్ రోడ్డెక్కి పోతుండేవి.

మీర్‌పేట్‌లో అద్దెకుంటున్న మా బిడ్డ దగ్గరికి ఒకసారి వెళ్లాను. వీధిలో ట్యాంకర్ ఆగింది. మా బిడ్డ రెండు బిందెలు పట్టుకొచ్చి, నాకు గ్లాసు నిండా ఇచ్చింది.

"తాగు బాపూ. గీ ట్యాంకర్ నీళ్లు మస్తుంటయ్, ఫిల్టర్ గూడ అవసరం లేదు."

తాగాను. అదే ఇనుము రుచి.

"ఏమైంది బాపూ, మొఖం గట్లైంది?"

"ఎండ" అన్నాను. ఖాళీ గ్లాసు తిరిగిచ్చాను.

రెండో ఎండాకాలానికి తొట్టి పొర్లడం ఆగిపోయింది. అక్క ముందు పాలకూర వదులుకుంది, తర్వాత మెంతి. ఒక్క కొత్తిమీర మడికి మాత్రం తొట్టిలోంచి చెంబుతో ముంచి పోసేది. మన్నెగూడ పోయే రోజులు తగ్గాయి. ఒకనాడు ఆమే నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఖాళీ బిందెలతో ట్యాంకర్లకు అడ్డంగా కూర్చుంది. మర్నాడు నలభై మంది అయ్యారు. చేపలు పట్టేవాళ్లు వచ్చారు, కూలికి పోయేవాళ్లు పని మానుకుని వచ్చారు. నేనూ వెళ్లి కూర్చున్నాను. నినాదాలు ఇచ్చేటప్పుడు నోరు మాత్రం కదిపేవాణ్ని. నా పక్కన కూర్చున్నవాళ్లలో ఎవరైనా నావైపు తిరిగితే చాలు, తెలిసిపోయిందేమోనని తల దించుకునేవాణ్ని.

పదిహేను రోజులకు భూగర్భ జలాల అధికారి ఒకాయన వచ్చాడు. బోర్లు చూశాడు, బుగ్గ చూశాడు. రాతి కింద ఏ నీళ్లు ఎటు పోతాయో పైనుంచి చెప్పలేమన్నాడు. చివరికి ఒక పరీక్ష పెట్టాడు. మోటార్లన్నీ మూడు రోజులు ఆపాలి. తొట్టిలో నీళ్లు పెరిగితే బోర్లు మూసేయమని రాస్తాడు. పెరగకపోతే బోర్లకూ బుగ్గకూ సంబంధం లేదని రాస్తాడు. ఊరు ఒప్పుకుంది. యజమాని వెంటనే ఒప్పుకున్నాడు. అంత తొందరగా ఒప్పుకోవడం చూసి నాకు భయమేసింది.

"మరి రోజూ కొలిచేదెవరు?" అన్నాడు అధికారి.

"ఇంకెవరు, మా బామ్మర్దే" అన్నాడు బావ. "నీళ్లు జూయించరాకపాయె. కొలువనన్న వస్తది."

జనం నవ్వారు. అక్క సీతాఫలం కొమ్మ ఒకటి చెక్కి, ఆ రోజు నీళ్లున్నచోట కత్తితో గాటు పెట్టి నా చేతికిచ్చింది. "ఇజ్జత్ నిలవెట్టు తమ్మీ" అంది.

ఆరు మోటార్లు ఆపి, తాళాలు వేసి, తాళపుచెవులు అధికారి పట్టుకుపోయాడు.

మొదటి రోజు పొద్దున కొమ్మ ముంచాను. నీళ్లు గాటు దగ్గరే ఉన్నాయి. రెండో రోజు గాటుకు వేలెడు కిందికి పోయాయి. అక్కడి నుంచి గుట్టెక్కి రేకుల కొట్టం వెనక్కి వెళ్లాను. చెప్పులు విప్పి నేల మీద నిలబడ్డాను. అరికాళ్లకు సన్నటి వణుకు తగిలింది. నేలలోపలి మోటారు చప్పుడు చెయ్యదు, నేలను వణికిస్తుంది. కొట్టం వెనక నల్ల కవరు పరిచిన పెద్ద గుంతలో నీళ్లు అంచుదాకా ఉన్నాయి.

వెనక్కి తిరిగితే యజమాని నిలబడి ఉన్నాడు. కోపం లేదు. ఎప్పటిలాగే మెత్తగా మాట్లాడాడు.

"మీకేం ఇబ్బంది రానివ్వనండి. మీ పాయింటులో నీళ్లు పడ్డాయని నేనెవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. మీరు కొలవండి, ఉన్నది చెప్పండి. అంతే కదా."

నేను తల ఊపాను. రాయడానికే సిగ్గుగా ఉంది. తల ఊపి గుట్ట దిగి వచ్చి, జనానికి "వేలెడు తగ్గింది" అని చెప్పి, ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాను. చెబితే ఊళ్లో నాకు చోటుండదు. చెప్పకపోతే అక్కకు బతుకుండదు. ఈ రెండింటిలో నేను ఎక్కువ భయపడింది మొదటిదానికే. ఆ రోజంతా అలాగే గడిపాను.

మూడో రోజు ఊరంతా బుగ్గ దగ్గర ఉంది. అధికారి కాగితాలు తీసి రాయి మీద పెట్టుకున్నాడు. కొమ్మ ముంచాను. రెండు వేళ్లు తగ్గింది. చెప్పాను. అక్క వచ్చి తొట్టి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నీళ్లలో చెయ్యి పెట్టింది.

"ఎవలనీ అనకుర్రి. తప్పు నాదే" అంది. "మోకాళ్ల నొప్పులని పోయినేడు గీడ బోనం జెయ్యలే. బుగ్గకు నా మీదనే కోపమొచ్చింది. బోర్లు బందు వెట్టినా వస్తలేదంటె ఇంకేందుల్లా. నడుర్రి, ఇండ్లకు వోదాం."

ఆడవాళ్లు బిందెలు ఎత్తుకుంటున్నారు. అధికారి కలం తీశాడు. అక్క ముఖంలో నిజంగానే తప్పు చేసిన మనిషి కనిపించింది. నేను మొయ్యాల్సినది ఆమె ఎత్తుకుంది.

"ఇంకో బోరుంది" అన్నాను.

నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ అన్నాను. "కొట్టంల ఇంకో బోరుంది. గిప్పుడు గూడ నడుస్తున్నది."

అక్క తల తిప్పింది. "ఏ బోరు?"

"నేను జూసిన నాలుగోది. దుమ్ము లేవలే అక్కా. నీళ్లే వడ్డయ్. బుగ్గ నీళ్లే. తెలిసే జూయించిన."

బావ నోరు తెరిచాడు. జోకు రాలేదు. అక్క లేచి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, నా పక్క నుంచి గుట్టెక్కింది. జనమంతా ఆమె వెనక. ఆమే బర్రెల పలుపులు విప్పి బయటికి తోలింది, ఆమే గడ్డిమోపులు లాగేసింది. అధికారి వంగి పైపు మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు తీయలేదు. తర్వాత స్టార్టర్ డబ్బా తెరిచి ఆపేశాడు. ఎరుపు లక్కతో సీలు వేశాడు.

పరీక్ష మళ్లీ మొదలైంది. రెండో రోజుకు నీళ్లు గాటు దగ్గరికి వచ్చాయి. మూడో రోజు గాటు దాటి అంగుళం పెరిగాయి. కొంతమంది ఏడ్చారు. అక్క ఏడవలేదు. కొత్త కొమ్మ ఒకటి చెక్కి నా ముందు నేల మీద పెట్టింది.

"రోజూ కొలువు. రోజూ నీ నోటితోనే జెప్పు."

తమ్మీ అనలేదు. ఇప్పటిదాకా అనలేదు.

అధికారి రాసిన కాగితం పై ఆఫీసుకు పోయింది. తుది ఉత్తర్వు ఇంకా రాలేదు. యజమాని కూడా పై ఆఫీసులకు తిరుగుతున్నాడని వింటున్నాం. సీలు లక్కతో వేసింది, ఒక సుత్తిదెబ్బ చాలు. తొట్టి ఇంకా పొర్లలేదు, అంచుకు జానెడు కింద ఉంది. కొబ్బరికాయ మళ్లీ పట్టలేదు. తెల్లవారుతూనే ముందు కొట్టం వెనక్కి వెళ్లి చెప్పులు విప్పి నిలబడతాను. కొన్ని రోజులు వణుకు తగులుతుంది. అది నేలదో, నా కాళ్లదో తెలియదు. వంగి నేలకు చెంప ఆనించి, ఊపిరి బిగబట్టి వింటాను. ఆ తర్వాత గుట్ట దిగుతాను.

నేను వచ్చేసరికి అక్క తొట్టి పక్కన కూర్చుని ఉంటుంది, నా వైపు చూడకుండా.

"ఎంత?" అంటుంది.

కొమ్మ ముంచి, తీసి, తడి ఎక్కడిదాకా ఉందో వేలు పెట్టి చూపిస్తాను.

"నిన్నటంతే" అంటాను.

ఆమె నా మాట విని ఊరుకోదు. కొమ్మ అందుకుని, తానే మళ్లీ ముంచి చూస్తుంది.